సంక్రాంతికి కారులో ఊరెళ్తున్నారా? ముందు బెల్టులు చూడండి

• టైమింగ్ బెల్ట్ (ఇంజన్లో పిస్టన్లు, వాల్వులు లయ తప్పకుండా కదిలేలా చూసే బెల్టు) ఎప్పుడు మార్చారో పాత బిల్లుల్లో వెతకండి. సాంట్రో జింగ్, ఆల్టో 800 లాంటి వాటిలో ఉండేది ఇదే (స్విఫ్ట్ కే-సిరీస్ పెట్రోల్‌లో చైన్ ఉంటుంది). కవర్ లోపల ఉంటుంది, చాలాసార్లు చెప్పాపెట్టకుండా తెగుతుంది. చాలా ఇంజన్లలో తెగగానే పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి, ఇక హెడ్ (ఇంజన్ పైభాగం) విప్పాల్సిందే. బండి తిరగకపోయినా రబ్బరు పాతబడుతుంది కాబట్టి మాన్యువల్లో కిలోమీటర్లతోపాటు ఏళ్లూ చూడండి. సెకండ్‌హ్యాండ్ బండికి బిల్లు లేదంటే, మార్చలేదనే లెక్క.

• టైమింగ్ బెల్ట్ మారుస్తుంటే టెన్షనర్ (బెల్టును బిగువుగా పట్టే పుల్లీ) కూడా మార్పించండి. వాటర్ పంపు అదే బెల్టుతో తిరిగితే అదీ వేయించండి, లేబర్ ఒకసారే పడుతుంది.

• ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది) బెల్టును ఇంజన్ ఆపి, తాళం తీసి, టార్చి వేసి చూడండి. పగుళ్లు, లేచిన పోగులు ఉంటే మార్చాలి. ఈపీడీఎం (ఒక రకం సింథటిక్ రబ్బరు) బెల్టులు అంతగా పగలవు, వాటి గాడులు అరుగుతాయి. అందుకే పైకి బాగున్నట్టే కనిపిస్తాయి.

• పొద్దున్నే బెల్టు కీచుమంటోందా? స్ప్రే కొడితే చప్పుడు పోతుంది, జబ్బు పోదు. బెల్టు బిగువు, పుల్లీ బేరింగ్ మెకానిక్‌కు చూపించండి.

• బెల్టు మీద ఆయిల్ తడి ఉంటే ముందు లీకు ఆపించండి.

• దారిలో బ్యాటరీ లైటు వెలిగి, టెంపరేచర్ ముల్లూ లేస్తే బెల్టు తెగి ఉండొచ్చు, వెంటనే పక్కకు ఆపేయండి.