ఇంట్లోనే బండి పని – 7వ పాఠం: బిగుసుకుపోయిన వెనక బ్రేక్ డ్రమ్మును విప్పడం

గత పాఠంలో వెనక చక్రాన్ని ఊడదీసి పక్కన పెట్టేదాకా వచ్చాం. చక్రం తీశాక కనిపించే, బోర్లించిన గిన్నె లాంటి పోత ఇనుప భాగమే బ్రేక్ డ్రమ్ము. ఈ పాఠం ఓమ్ని, జిప్సీ, ఇన్నోవా క్రిస్టా వంటి, ఇంజను శక్తి వెనక ఇరుసుకు అందే బండ్లకు వర్తిస్తుంది. మారుతి 800లో డ్రమ్ము మధ్యలోనే బేరింగులు ఇమిడి ఉంటాయి కనుక నడిమి నట్టు విప్పనిదే డ్రమ్ము రాదు. ఆ పద్ధతి వేరు, దానిని మరో పాఠంలో చూద్దాం.

ఈ పనికి హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించక తప్పదు. కాబట్టి ముందరి చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మెలు పెట్టి, బండి బరువును జాకీ మీద కాకుండా స్టాండు మీద నిలిపిన తరువాతే డ్రమ్ము మీద చెయ్యి వేయాలి.

డ్రమ్ము రాకపోతే మన షెడ్లలో మొదట చేతిలోకి వచ్చేది సమ్మెట. నా దృష్టిలో అది చివర రావలసిన పనిముట్టు. ముందుగా గేరును న్యూట్రల్‌లో ఉంచి, డ్రమ్మును చేత్తో తిప్పి చూడండి. అసలు తిరగకపోతే లోపలి బ్రేక్ షూలు (బ్రేక్ వేసినప్పుడు డ్రమ్మును లోపలి నుంచి ఒత్తే వంపు ముక్కలు) దానిని పట్టుకుని ఉన్నాయని అర్థం. హాయిగా తిరుగుతూ బయటికి మాత్రం రాకపోతే, డ్రమ్ము నడిమి రంధ్రం హబ్బు (చక్రం, డ్రమ్ము ఎక్కే ఇరుసు కొన భాగం) అంచుకు తుప్పుతో అతుక్కుపోయింది. కొద్దిగా బయటికి జరిగి అక్కడ టక్కున ఆగిపోతే, లోపలి అంచున అరగకుండా మిగిలిన గట్టుకు షూలు తట్టుకుంటున్నాయి. ఈ మూడింటికీ చికిత్స ఒకటి కాదు.

షూలు పట్టుకున్నప్పుడు, హ్యాండ్‌బ్రేక్ కేబులును దాని సర్దుబాటు నట్టు దగ్గర వదులు చేయడమే మొదటి పని. వానలో తడిసిన బండిని హ్యాండ్‌బ్రేక్ వేసి చాలాకాలం కదపకుండా ఉంచితే షూల మీది రాపిడి పొర, అంటే లైనింగు, డ్రమ్ముకు అంటుకుపోతుంది. అటువంటప్పుడు డ్రమ్ము చుట్టూ రబ్బరు సుత్తితో తట్టితే చాలాసార్లు విడిపోతుంది.

తుప్పు సంగతికి ఓపిక కావాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో తిరిగే బండ్లకు ఈ బెడద ఎక్కువ. హబ్బు చుట్టూ ఉన్న సన్నని సందును, స్టడ్డుల (చక్రం నట్లు బిగిసే మరల కడ్డీల) మొదళ్లను తీగ బ్రష్షుతో శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనెను అక్కడ మాత్రమే కొద్దిగా పట్టించి, అది లోపలికి ఇంకేదాకా ఆగండి. డ్రమ్ము ముఖం మీద, స్టడ్డులకు మధ్య, మరలు చెక్కిన రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలో 8 మి.మీ. బోల్టులు రెండు బిగిస్తే, వాటి కొనలు వెనకనున్న హబ్బును నెడుతూ డ్రమ్మును బయటికి తోస్తాయి. ఒకదానిని అర చుట్టు, తరువాత రెండవదానిని అర చుట్టు తిప్పాలి. ఒకే బోల్టును బిగిస్తూ పోతే డ్రమ్ము వంకరగా ఇరుక్కుంటుంది. బోల్టులు బిగిసి ఆగిన దశలో డ్రమ్ము ముఖాన్ని, హబ్బుకు దగ్గరగా, స్టడ్డుల మధ్య సుత్తితో తట్టండి. "టప్పు"మన్న శబ్దంతో తుప్పు విడుతుంది, బోల్టులు మళ్లీ తేలికవుతాయి. పోత ఇనుము పెళుసు కనుక అంచు మీద కొడితే పెచ్చు ఊడుతుంది. గ్యాస్ మంటతో కాల్చడం అసలే వద్దు, వెనకనే ఆయిల్ సీలూ, షూలను బయటికి నెట్టే వీల్ సిలిండరులోని రబ్బరు కప్పులూ ఉన్నాయి.

గట్టు అడ్డుపడితే షూలను లోపలికి దగ్గరగా జరపాలి. డ్రమ్ము వెనకనున్న పళ్లెంలో రబ్బరు మూత ఉన్న రంధ్రం గుండా స్క్రూడ్రైవరు పెట్టి, షూల మధ్య ఎడాన్ని సర్దే పళ్ల చక్రాన్ని వెనక్కి తిప్పాలి. తనంతట తాను సర్దుకునే రకమైతే, దానిని ఆపి ఉంచే చిన్న మీటను మరో సన్నని స్క్రూడ్రైవరుతో పక్కకు నెట్టి పట్టుకోనిదే అది వెనక్కి తిరగదు. తిప్పుతున్నకొద్దీ డ్రమ్ము మరింత బిగుస్తుంటే దిశ మార్చండి.

డ్రమ్ము చేతికి వచ్చాక లోపలి నల్లని ధూళిని కంప్రెసరు గాలితో ఊదకండి. పాత లైనింగులలో పీలిస్తే హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక తడిగుడ్డతో తుడవండి. హబ్బు అంచును గరుకు కాగితంతో రుద్ది, వేడికి తట్టుకునే గ్రీజును పలుచగా రాయండి, లైనింగుకు మాత్రం అంటనీయకండి. డ్రమ్ము బయట ఉన్నంతసేపూ బ్రేక్ పెడల్‌ను ఎవరూ తొక్కకుండా చూడండి. తొక్కితే వీల్ సిలిండరు పిస్టన్లు బయటికి వచ్చి ద్రవమంతా కారిపోతుంది.