పండగ తేదీలు తెలిసిన డాష్‌బోర్డ్: బట్టల షోరూమ్ వాళ్ల కోసం

2025 మే మొదటి వారంలో మా ఓనరు గారు ఫోన్ చేసి, "ఏప్రిల్‌లో ఏడు షాపులూ పడిపోయాయా అమ్మా?" అని అడిగారు. ఆ గొంతులోని టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను చేసిన డాష్‌బోర్డ్‌లో, అంటే అమ్మకాల అంకెలన్నీ ఒకచోట చూపించే తెరలో, పోయిన ఏడాది ఏప్రిల్‌తో పోలిస్తే ఏడు షోరూమ్‌ల పక్కనా ఎర్ర బాణం కిందికి చూపిస్తోంది. అంకెల్లో తప్పు లేదు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తో పైసాతో సహా సరిపోయాయి. అయినా అది చెప్పిన మాట తప్పు. 2024లో ఉగాది ఏప్రిల్ 9న, రంజాన్ ఏప్రిల్ 11న వచ్చాయి. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ మార్చి 31న. రెండు పండగల బేరాలూ మార్చిలోనే అయిపోయాయి. గుంటూరు షాపులో చాలా ఏళ్లుగా పట్టుచీరల కౌంటర్ చూస్తున్న ఫ్లోర్ మేనేజర్ గారిని అడిగితే, "పండగ ముందుకొచ్చింది కదమ్మా" అని ఒక్క మాటలో తేల్చేశారు.

ఆయనకి తెలిసిన ఆ ఒక్క సంగతి నా డాష్‌బోర్డ్‌కి తెలియదు. వ్యాపారం చేసేవాళ్లకి తెరమీద అంకె కనిపిస్తే చాలదు. దాన్ని దేనితో పోల్చాలో కూడా అక్కడే సరిగ్గా ఉండాలి. లేకపోతే సరైన అంకె కూడా వాళ్లని భయపెడుతుంది. ఆ ఫోన్ తర్వాత నేను పని చేసే పద్ధతే మారింది. ఇప్పుడు ఎలా చేస్తున్నానో వరసగా చెబుతాను. ఎక్సెల్, పవర్ బీఐ (మైక్రోసాఫ్ట్ వాళ్ల డాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్), ఇంకేదైనా సరే, పద్ధతి ఇదే.

ముందు వాళ్ల పక్కన కూర్చోండి

"మీకు ఏ చార్ట్‌లు కావాలి?" అని అడగకండి. "అన్నీ పెట్టండి" అంటారు. అలా అన్నీ పెడితే తెర నిండుతుంది, ఎవరూ చూడరు. దానికి బదులు ఒక ఉదయం పూట షాపు తీసే వేళకి వెళ్లి, ఎవరు ఎవరికి ఫోన్ చేసి ఏం అడుగుతున్నారో రాసుకోండి. మా దగ్గర ఓనరు గారు అడిగేవి రెండే: నిన్న ఎంతైంది, ఏ షాపు వెనకబడింది. ఫ్లోర్ మేనేజర్‌కి కావాల్సింది వేరు: ఆదివారం ఏ ఫ్లోర్‌లో ఎంతమంది సేల్స్ వాళ్లని నిలబెట్టాలి. మంగళగిరి, ఉప్పాడ వెళ్లి సరుకు తెచ్చే ఆయనకి కావాల్సింది ఇంకొకటి: ఏ రకం ఆరు నెలలుగా కదలట్లేదు, ఏది మళ్లీ తెప్పించాలి.

ప్రతి ప్రశ్న పక్కనా, జవాబు తెలిస్తే వాళ్లు ఏం చేస్తారో కూడా రాయండి. ఏమీ చేయరంటే ఆ అంకెకి తెరమీద చోటు ఇవ్వొద్దు. ఈ ముగ్గురికీ కలిపి ఒకే పేజీ చేయడానికి నేను రెండు నెలలు తంటాలు పడ్డాను. మనిషికో పేజీ చేశాక పని తేలికైంది.

'అమ్మకం' అంటే ఏమిటో తేల్చుకోండి

ఇది విసుగు పుట్టించే పని. కానీ తర్వాత వచ్చే గొడవల్లో సగం ఇక్కడే ఆగిపోతాయి. అమ్మకం అంటే జీఎస్టీ కలిపా, తీసేసా? మార్చుకున్న చీర ఏ రోజు లెక్కలోకి వస్తుంది? పెళ్లి బట్టలకి ఇచ్చిన అడ్వాన్స్ ఇవాళ్టి అమ్మకమా, బిల్లు కొట్టిన రోజు అమ్మకమా?

పన్ను సంగతి తేలిగ్గా తీసుకోకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ దుస్తుల మీద జీఎస్టీ మారింది. ఒక్కో దుస్తు ధర 2,500 రూపాయల వరకు ఉంటే 5 శాతం, అంతకు మించితే 18 శాతం. అంతకుముందు వెయ్యి దాటిన వాటన్నిటికీ 12 శాతం ఉండేది. పన్ను కలిపిన అంకెలతో పోలిస్తే ఆ తేదీకి ముందూ వెనకా లెక్క కలవదు. అందుకే నేను పన్ను తీసేసిన అంకే పెడతాను, దాని కిందే "పన్ను కాకుండా" అని చిన్న అక్షరాలతో రాస్తాను. క్యాష్ కౌంటర్‌లో చెప్పే మొత్తం పన్నుతో కలిపి ఉంటుంది కాబట్టి మొదటి నెల రెండూ పక్కపక్కన చూపించాను. రెండు అంకెలకీ తేడా ఎందుకో కళ్లతో చూశాకే వాళ్లకి నమ్మకం కుదిరింది.

దేనితో పోల్చాలి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే పెట్టండి. డాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్‌లు "పోయిన ఏడాది ఇదే తేదీ"తో పోల్చడం మాత్రం తేలిగ్గా చేసిపెడతాయి. బట్టల వ్యాపారంలో అది రెండు చోట్ల దెబ్బతింటుంది.

మొదటిది వారం. పోయిన ఏడాది అదే తేదీ శనివారం అయితే, ఈ ఏడాది ఆదివారం కావచ్చు. రోజువారీ అంకెని 365 రోజుల వెనక్కి కాకుండా 364 రోజుల వెనక్కి వెళ్లి పోల్చండి. 364 అంటే సరిగ్గా 52 వారాలు కాబట్టి ఆదివారం ఆదివారంతోనే పడుతుంది.

రెండోది పంచాంగం. దసరా 2024లో అక్టోబర్ 12న వచ్చింది, 2025లో అక్టోబర్ 2న. అంటే 2025 దసరా కొనుగోళ్లు చాలావరకు సెప్టెంబర్‌లోనే జరిగాయి. ఉగాది సంగతి ఇంకా చిత్రం. 2023-24 ఆర్థిక సంవత్సరంలో అసలు ఉగాదే లేదు, 2024-25లో రెండు ఉగాదులు పడ్డాయి. ఏడాది మొత్తం అంకెలు పోల్చినా ఈ తేడా అందులో దాగి ఉంటుంది.

దీనికి మందు తేదీల పట్టిక. రోజుకో వరస ఉండే షీటు ఒకటి చేసి తేదీ, వారం, ఆర్థిక సంవత్సరం, తెలుగు మాసం, దగ్గర్లో ఉన్న పండగ పేరు, దానికి ఇంకా ఎన్ని రోజులుందో నింపండి. పండగ రోజు సున్నా, పదిహేను రోజుల ముందు మైనస్ 15. సంక్రాంతి, ఉగాది, రంజాన్, వరలక్ష్మీ వ్రతం, దసరా, దీపావళి, క్రిస్మస్ మాకు చాలు. మీ ఊరి జాతర ఏదైనా ఉంటే అదీ కలపండి. ఇప్పుడు చార్ట్ అడుగున తేదీలకి బదులు ఈ రోజుల లెక్క పెట్టండి. ఈ ఏడాది గీత ముదురు రంగులో, పోయిన ఏడాది గీత బూడిద రంగులో ఉండాలి. పండగకి పన్నెండు రోజులు ఉండగా అప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. సరుకు తెప్పించడానికి ఇంకా టైమ్ ఉండగానే తెలుస్తుంది.

తెలుగు మాసం గడి పెళ్లిళ్ల కోసం. 2023లో జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం, పెళ్లి ముహూర్తాలు లేవు. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. పట్టికలో ముందే రాసి ఉంచితే ఆ రోజుల్లో పట్టుచీరలు తగ్గినా ఎవరూ కంగారు పడరు. నిజ మాసాన్ని నిజ మాసంతోనే పోల్చగలుగుతారు.

అంకె, బొమ్మ, రంగు

ఏడు షాపులని పోల్చడానికి గుండ్రటి బొమ్మని ముక్కలు చేసి చూపించే పై చార్ట్ (pie chart) వద్దు, పట్టీల చార్ట్ (bar chart) పెట్టండి. ఒకే గీత మీద మొదలయ్యే పట్టీల పొడవుని మన కన్ను బాగా పోలుస్తుంది, కోణాన్ని పోల్చడంలో తడబడుతుంది. అమెరికాలోని పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌కి చెందిన విలియం క్లీవ్‌ల్యాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లోనే దీన్ని ప్రయోగాలు చేసి చూపించారు. పట్టీలు ఎప్పుడూ సున్నా దగ్గర మొదలవ్వాలి, పెద్దది పైన ఉండాలి.

అంకెలు లక్షల్లో చూపించండి. పవర్ బీఐ తనంతట తాను మిలియన్లలో చూపిస్తుంది. "1.25 మిలియన్" అంటే మా కౌంటర్‌లో ఎవరికీ ఎక్కదు, "12.5 లక్షలు" అంటే వెంటనే ఎక్కుతుంది. అంకెని లక్షతో భాగించి శీర్షికలో "లక్షల్లో" అని రాస్తే సరిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా కొందరు మగవాళ్లకి కనిపించదు కాబట్టి రంగుతో పాటు బాణం కూడా ఉంచండి. ఎరుపు ఎప్పుడు వెలగాలో మీరు కాదు, ఓనరు చెప్పాలి. మా దగ్గర వరసగా మూడు ఆదివారాలు తగ్గితేనే ఎరుపు.

పై మూలలో డేటా ఎప్పటిదో రాయండి: "నిన్న రాత్రి 10 గంటల వరకు". ఇక అంతా ఫోన్‌లోనే చూస్తారు కాబట్టి చివరి పరీక్ష ఫోన్ మీదే చేయండి.

ఇచ్చాక మళ్లీ వెళ్లండి

రెండు వారాలాగి షాపుకి వెళ్లండి. ఎలా వాడాలో చెప్పకుండా, "ఏలూరులో నిన్న ఎలా ఉంది?" అని అడిగి పక్కన ఊరికే కూర్చోండి. వేలు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తిరుగుతుందో గమనించండి. వాళ్లు ఇంకా చేత్తో రాసుకుంటున్న పుస్తకం ఉందేమో అడిగి చూడండి. గుంటూరు ఫ్లోర్ మేనేజర్ గారి దగ్గర అలాంటి నోట్‌బుక్ ఒకటి ఉంది. అందులో రోజూ ఎన్ని పెళ్లి బేరాలు వచ్చాయో, వాటిలో ఎన్ని కొనకుండా వెళ్లిపోయాయో గీతలు గీసి ఉంచారు. కొనని వాళ్లకి బిల్లు ఉండదు కాబట్టి ఆ అంకె మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా లేదు. ఫోన్‌లోనే ఎక్కించడానికి రెండు గడులు పెట్టాను. ఇప్పుడు ఆయన పేజీలో మొదటి వరస అదే.