వస్తువునూ దాని సప్లయ్ చైన్‌నూ కలిపి డిజైన్ చేయడం ఎలా?

సప్లయ్ చైన్ అంటే పార్టులు కొనడం నుంచి సరుకు కొనేవాళ్లకు చేరేదాకా సాగే దారి. చాలా ఫ్యాక్టరీల్లో డిజైనర్లు డ్రాయింగ్ పూర్తిచేసి పర్చేజ్ వాళ్లకు ఇచ్చేస్తారు, ఆ పార్టులు దొరుకుతాయా, ఎన్ని వారాల్లో వస్తాయి అన్నది ఇక వాళ్ల టెన్షన్. ఈ పద్ధతి మానేయండి. డ్రాయింగ్ ఖరారయ్యాక మార్చాలంటే కొత్త డై (అచ్చు), మళ్లీ టెస్టింగ్, మళ్లీ ఖర్చు. పర్చేజ్, స్టోర్స్, రవాణా చూసేవాళ్లను మొదటి మీటింగ్‌కే పిలవండి.

1. పార్టుల జాబితా తీసి, ఒక్కోదాని పక్కన ఎవరిస్తారు, ఆర్డర్ పెట్టాక ఎన్నాళ్లు పడుతుంది, ఇంకో సప్లయర్ ఉన్నారా అని రాయండి. ఒక్కరి దగ్గరే దొరికే పార్టు కనిపిస్తే, దాని బదులు మార్కెట్లో మామూలుగా దొరికే సైజు సరిపోతుందేమో డిజైనర్‌ని అప్పుడే అడగాలి.

2. అసలు కీలకం ఇది: మీ వస్తువు వేర్వేరు మోడళ్లుగా ఎక్కడ విడిపోతోంది? ఆ చోటును వీలైనంత చివరికి జరపండి. 1988లో వచ్చిన హెచ్‌పీ డెస్క్‌జెట్ ప్రింటర్లు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో తయారయ్యేవి, ఓడలో ఐరోపా చేరడానికి దాదాపు నెల పట్టేది. దేశాన్ని బట్టి వోల్టేజీ వేరు, ప్లగ్గు వేరు, మాన్యువల్ భాష వేరు కాబట్టి ఫ్యాక్టరీలోనే అన్నీ పెట్టి పంపితే ఒక దేశం మోడల్ గోదాములో మిగిలిపోయేది, ఇంకో దేశానిది దొరికేది కాదు. అప్పుడు పవర్ సప్లయ్‌ని తర్వాత తగిలించుకునేలా డిజైన్ మార్చి, అందరికీ ఒకే ప్రింటర్ పంపి, ఏ దేశానికి కావాల్సినవి ఐరోపాలోని గోదాములో చేర్చారు. తయారీ ఖర్చు కాస్త పెరిగినా మొత్తం మీద బాగా ఆదా అయింది. మన పెయింట్ షాపులోనూ ఇంతే, వందల షేడ్ల డబ్బాలు నిల్వ పెట్టకుండా బేస్ (రంగు కలపని పెయింట్) మాత్రం ఉంచుకుని, అడిగిన రంగు మెషీన్‌లో కలిపిస్తారు.

3. ఆకారం ఖరారు చేసేముందే అట్టపెట్టె కొలత చూడండి. ఫర్నిచర్ కంపెనీ ఐకియా తన ‘బ్యాంగ్’ కప్పు ఆకారం మార్చి, ఒక ప్యాలెట్ (సరుకు పేర్చే పలక) మీద 864 పట్టేచోట 2024 పట్టించింది. కప్పు కప్పులాగే ఉంది, లారీ ట్రిప్పులు తగ్గాయి.

4. చివరగా డిజైన్లను పోల్చేటప్పుడు పార్టు ధర ఒక్కటే చూడొద్దు. రవాణా, స్టాక్‌లో ఇరుక్కున్న డబ్బు, అమ్ముడుపోక మిగిలే సరుకు, అన్నీ కలపండి.

మీది ఒకే మోడల్, ఒకే ఊరి మార్కెట్ అయితే రెండో పని వదిలేసి ఆ సమయం మొదటి దాని మీద పెట్టండి.