ఫాంటసీ బేస్‌బాల్: ఫామ్ పోయినవాణ్ణి వదిలెయ్యాలా, ఉంచాలా?

ఫాంటసీ బేస్‌బాల్‌లో మీరు అసలు ఆటగాళ్లతో ఊహాజట్టు కట్టుకుంటారు, మైదానంలో వాళ్లు ఆడేదాన్నిబట్టి మీకు పాయింట్లు. అందులో ఫామ్ పోయినవాణ్ణి తీసెయ్యడానికి డ్రాప్ బటన్ నొక్కేముందు మీ ఐఎల్ గడి (గాయపడ్డవాళ్లకు విడిగా ఉండే చోటు) ఖాళీగా ఉందేమో చూడండి. ఇంజ్యూర్డ్ లిస్టుకెక్కిన ఆటగాడు మీ బెంచి మీదే ఉంటాడు, ఐఎల్ గడి ఖాళీగా పడి ఉంటుంది, మీరేమో చోటు లేదని డ్రాఫ్ట్ మూడో రౌండ్లో ఎంచుకున్న బ్యాటర్‌ని బయటికి పంపుతుంటారు. ఏటా ఏప్రిల్లో ఇదే తంతు. ఎవరైనా "వీణ్ణి తీసెయ్యనా?" అని అడిగితే నేను మొదట చూసేది ఆ గడినే. ఆ తర్వాత, వైవర్లో (ఏ జట్టూ తీసుకోని ఆటగాళ్ల జాబితాలో) అంతకంటే మెరుగైనవాడు ఉన్నాడా అన్నది. లేకపోతే మిగతాది చదవక్కర్లేదు.

బ్యాటింగ్ సగటు పడిపోయింది, స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో అవుటవడం) మామూలే

చాలావరకు ఇది అదృష్టం బాగోకపోవడమే. బ్యాట్‌కు తగిలి, హోమ్ రన్ కాకుండా మైదానంలోనే ఉన్న బంతుల్లో ఎన్ని హిట్లయ్యాయో బాబిప్ (BABIP) అనే అంకె చెబుతుంది. లీగ్ మొత్తానికి అది .290-.300 దగ్గర ఉంటుంది. కానీ మీవాడి అంకెను అతని సొంత కెరీర్‌తోనే పోల్చండి. పరుగెత్తలేని క్యాచర్ దగ్గర .300 ఆశించకూడదు. బాబిప్ ఒక్కటే పడిపోయి, స్ట్రైకవుట్ శాతమూ, బేస్‌బాల్ సావంట్ అనే గణాంకాల సైట్లో కనిపించే, బ్యాట్ నుంచి గంటకు 95 మైళ్ల వేగమో అంతకు మించో వెళ్లిన బంతుల శాతమూ నిరుటిలాగే ఉంటే అతన్ని కదిలించకండి.

2021 చివర్లో మార్కస్ సీమియన్‌ని టెక్సస్ రేంజర్స్ ఏడేళ్లకు 17.5 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకుంది. 2022లో అతని మొదటి హోమ్ రన్ మే 28న గానీ రాలేదు. ఏడాది చివరికి 26 హోమ్ రన్లు, 25 స్టీల్స్ (పిచర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కి పరుగెత్తడం). మే మధ్యలో విసుగెత్తి వదిలేసినవాళ్లు మిగతా స్టీల్స్ అన్నీ పక్కవాడి ఖాతాలో లెక్కపెట్టుకున్నారు.

సగటుతోపాటు స్ట్రైకవుట్లూ పెరిగాయి

దీన్ని సీరియస్‌గా తీసుకోండి. సగటు నిలకడగా తేలడానికి నెలలు పడుతుంది గానీ, స్ట్రైకవుట్ శాతం 60 ప్లేట్ అప్పియరెన్సులకే (బ్యాటింగ్‌కి దిగిన సార్లు) ఎంతో కొంత నిజం చెప్పడం మొదలెడుతుంది. వెంటనే గాయాల చరిత్ర వెతకండి. కోడీ బెల్లింజర్ 2019లో 47 హోమ్ రన్లతో నేషనల్ లీగ్ ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు). 2020 ప్లేఆఫ్స్‌లో హోమ్ రన్ కొట్టి, సహచరుడితో చేతులు తాకించి సంబరం చేసుకుంటుంటే కుడి భుజం జారింది. సీజన్ అయ్యాక ఆపరేషన్. 2021 ఏప్రిల్లో కాలి ఎముక కూడా చిట్లింది. ఆ ఏడాది సగటు .165, స్ట్రైకవుట్లు 2019లో 16 శాతం ఉండేవి, 27 శాతానికి ఎగబాకాయి. పాత పేరు చూసుకుని అలాంటివాణ్ణి ఆగస్టు దాకా మోయకండి.

అంకెలన్నీ బాగున్నాయి, పాయింట్లు మాత్రం రావడం లేదు

నిండా ముంచేది ఇదే. సావంట్ పేజీ ఎర్రగా మెరిసిపోతుంటుంది (అక్కడ ఎరుపంటే మంచి అంకె), బాబిప్ తక్కువగా ఉంటుంది, ఎవరినడిగినా "దురదృష్టం, ఉంచు" అంటారు. ఉంచుతారు. నెల గడుస్తుంది. అతని ఆటలో లోపం ఉండదు, టీమ్ మేనేజర్ లైనప్ (బ్యాటింగ్ వరుస) కాగితంలో ఉంటుంది.

లెక్క చూడండి. రెండో స్థానంలో బ్యాటింగ్ చేసేవాడికి ఆటకు దాదాపు 4.5 ప్లేట్ అప్పియరెన్సులు దక్కుతాయి. స్థానం ఒకటి దిగినప్పుడల్లా 0.11 చొప్పున తగ్గి, ఎనిమిదో స్థానానికి 3.8కి వస్తుంది. పైకి చూస్తే చిన్న తేడానే. ఇప్పుడు అతను ఎడమచేతి బ్యాటర్ అనుకోండి, మేనేజర్ ఎడమచేతి పిచర్లు వచ్చినప్పుడల్లా కూర్చోబెట్టడం మొదలెట్టాడనుకోండి. వారంలో ఆరు ఆటలు, రెండింటిలో లెఫ్టీలు. రెండో స్థానంలో రోజూ ఆడుతుంటే వారానికి 27 అవకాశాలు. ఇప్పుడు ఎనిమిదో స్థానంలో నాలుగు ఆటలకు 15. ఏడో ఇన్నింగ్స్‌లో లెఫ్టీ రిలీవర్ రాగానే ఇతని బదులు పించ్ హిట్టర్‌ని దింపితే అందులోనూ ఒకటో రెండో పోతాయి. సగటు .280 ఉన్నా మీకు మిగిలేది సగం ఆటగాడే. పైగా ఎనిమిదో స్థానం వాడి వెనక వచ్చేది తొమ్మిదోవాడు, కాబట్టి రన్స్ కూడా తగ్గుతాయి.

దీన్ని పట్టుకోవడం కష్టమేం కాదు, చూడాలంతే. మీ యాప్‌లో "గత 15 రోజులు" నొక్కి, సగటు వదిలేసి ఏబీ (వాక్‌లు లాంటివి తీసేసిన బ్యాటింగ్ అవకాశాలు) గడి చూడండి. రోజూ ఆడేవాడికి అక్కడ 45-50 ఉండాలి. 30 ఉందా, బాక్స్ స్కోర్లు తెరవండి. కూర్చున్న రోజుల్లో అవతలి పిచర్ ఏ చేతివాడు? అన్నీ లెఫ్టీలైతే అది ప్లాటూన్, అంటే పిచర్ చేతినిబట్టి బ్యాటర్‌ని మార్చడం. కుడిచేతి పిచర్ వచ్చిన రోజున కూడా కూర్చున్నాడంటే అతని చోటే పోతోంది. ఆ రోజు ఆ పొజిషన్లో ఎవరు ఆడారో చూస్తే, ఒక్కోసారి మీరు వైవర్లో తీసుకోవాల్సినవాడు అక్కడే కనిపిస్తాడు.

ప్లాటూనే అయితే, రోజూ లైనప్ మార్చుకునే లీగులో ఉంచుకోవచ్చు: లెఫ్టీల రోజున బెంచి, మిగతా రోజుల్లో బరిలోకి. హైదరాబాద్ నుంచి ఆడేవాళ్లకు ఇది నరకం, ఎందుకంటే న్యూయార్క్‌లో రాత్రి ఏడింటి ఆట మనకు వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలవుతుంది, లైనప్ వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. వారానికోసారే లైనప్ పెట్టే లీగు అయితే, పన్నెండు టీములదాకా నిర్మొహమాటంగా వదిలెయ్యండి. పదిహేను టీముల లీగులో ఆ సగం ఆటగాడు కూడా దొరకడు, ఉంచండి.

ఈ లైనప్ కాగితమే మంచి వార్త కూడా చెబుతుంది. 2024 మే నెల సగమయ్యేసరికి ఫ్రాన్సిస్కో లిండోర్ సగటు .200 కూడా లేదు. అతని జట్టు న్యూయార్క్ మెట్స్ మేనేజర్ కార్లోస్ మెండోసా అతన్ని కిందికి దించలేదు, పైకి తెచ్చి మొదటి స్థానంలో పెట్టాడు. లిండోర్ .273 సగటు, 33 హోమ్ రన్లతో ముగించి, నేషనల్ లీగ్ ఎంవీపీ ఓట్లలో షోహెయ్ ఒహ్తానీ తర్వాత రెండోవాడయ్యాడు.

పిచర్ ఈఆర్ఏ పేలిపోయింది

ఈఆర్ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చే సగటు రన్లు (ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి కాకుండా). 30 ఇన్నింగ్స్‌లో 10 రన్లిస్తే ఈఆర్ఏ 3.00. తర్వాతి ఆటలో రెండు ఇన్నింగ్స్‌లో ఎనిమిది ఇస్తే 5.06. ఒక్క చెడ్డ రోజు. ఫాస్ట్‌బాల్ వేగం మారకుండా, స్ట్రైకవుట్లకూ వాక్‌లకూ (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కి ఉచితంగా దక్కే బేస్) మధ్య తేడా అలాగే ఉంటే ఒకవారం బెంచి చాలు. వేగం రెండు మైళ్లు తగ్గితే మాత్రం మోచేయి అనుమానించండి. అప్పుడు కూడా తొందరపడి వదలొద్దు. ఐఎల్‌కి వెళ్తే ఆ ఖాళీ గడి ఉందిగా.

మిగతావి

కుర్రాడు స్లంప్‌లో ఉండి, అతన్ని మైనర్స్‌కి (కింది స్థాయి లీగులకు) పంపడానికి జట్టుకు ఆప్షన్లు (ఆ హక్కు) మిగిలి ఉంటే, పంపేదాకా ఆగకండి, వదిలెయ్యండి. ఫామ్ పోవడానికి ఇంకా కారణాలు: పిచర్ ఏ బంతి వేస్తాడో బ్యాటర్లకు ముందే దొరికిపోవడం, కొత్త బ్యాట్, కళ్లజోడు, ఇంట్లో గొడవలు... ఉంటాయి, అరుదుగా. మీకు బయటినుంచి తెలియవు, తెలిసినా చేసేదేం లేదు.