పాత పట్టుకి మొక్కల రంగులు వేయాలంటే

పట్టుకి రంగు వేయడం పెద్ద కష్టమేం కాదు. అది కూడా ఉన్నిలాగే ప్రొటీన్ పోగు కాబట్టి పటికనీ (రంగు బట్టని పట్టుకుని నిలిచేలా చేసేది ఇదే) రంగునీ తేలిగ్గా పీల్చుకుంటుంది. తిప్పలన్నీ బట్ట పాతదైతేనే. ఎవరో ఎప్పుడో గంజి పెట్టి, చెమటకి తడిపి, ఏ సబ్బుతోనో ఉతికి, ఏళ్ల తరబడి మడతపెట్టి ఉంచిన గుడ్డ మీద రంగు ఎలా తేలుతుందో ముందే చెప్పలేం. అందుకే రంగు సంగతి కాసేపు పక్కనపెట్టి, ముందు బట్ట సంగతి చూడండి.

అంచు లోపలి వైపు నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని కాల్చండి. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మిగిలిన మసిని వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. కరిగి గట్టిగా ఉండ కట్టిందంటే పాలిస్టర్ లాంటిది, దానికి ఈ రంగులు నిలవవు, టైం వేస్ట్. కాగితం కాలిన వాసన వస్తే నూలో రేయానో అయి ఉంటుంది. మరీ పాత పట్టుతో ఇంకో చిక్కుంది: 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో బరువుగా కనిపించాలని చాలా పట్టుకి తగరపు లవణాలు ఎక్కించేవారు. అలాంటి గుడ్డ మడతల వెంట చీలికలు పడి ఉంటుంది, వేలితో కాస్త నొక్కినా ఇంకొంచెం విడిపోతుంది. దాన్ని వేడినీళ్లలో వేయడమంటే పీలికలు చేసుకోవడమే, అలాగే దాచుకోండి.

ఉతకడానికి గోరువెచ్చని నీళ్లు, కొంచెం షాంపూ చాలు. పట్టుకి వాషింగ్ సోడా జోలికి మాత్రం పోవద్దు, క్షారం పోగుని తినేస్తుంది. ఉతికాక తడి బట్టని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని నిదానంగా చూడండి. నూనె మరక ఉన్నచోట నీళ్లు సరిగ్గా ఇంకవు, అక్కడ రంగు కూడా ఎక్కదు. తుప్పు మరకైతే ఇంకా మోసం, ఇప్పుడు లేత గోధుమ చుక్కలా అమాయకంగా కనిపిస్తుంది కానీ, దానిమ్మ తొక్కల రంగునీళ్లలో పడగానే తుప్పులోని ఇనుమూ, తొక్కల్లోని టానిన్ అనే వగరు పదార్థమూ కలిసి నల్లగా తేలుతుంది. మరకలు పోకపోతే ముదురు రంగుకే వెళ్లండి, లేదా ముడులు కట్టి డిజైన్‌లో కలిపేయండి.

ఇక పటిక. బట్టని పొడిగా ఉన్నప్పుడే తూచాలి, లెక్కలన్నీ ఆ బరువు మీదే. 100 గ్రాముల పట్టుకి 15 గ్రాముల పటిక వేడినీళ్లలో కరిగించి, బట్ట మునిగేంత నీళ్లు కలిపి, చల్లారాక తడిపిన బట్ట వేసి రాత్రంతా వదిలేయండి. పట్టుకి ఈ దశలో పొయ్యి అక్కర్లేదు. నూలుకైతే పటిక ఒక్కటే సరిపోదు, ముందు దాని బరువులో 15 నుంచి 20 శాతం కరక్కాయ పొడి నీళ్లలో నానబెట్టి, ఆ తర్వాతే పటికలో వేయాలి.

మొదటిసారికి బంతిపూలు, ఉల్లిపొట్టు మంచివి. ఎండిన బంతిపూలు బట్టంత బరువు, ఉల్లిపొట్టయితే అందులో సగం. గంటసేపు సన్నని మంట మీద మరిగించి, గుడ్డలో వడకట్టండి, పూరేకు ఒక్కటి మిగిలినా అది ఆనిన చోట మచ్చ పడుతుంది. గిన్నె స్టీలుది, వంటకి వాడనిది అయి ఉండాలి. ఆ నీళ్లు చల్లారాక తడి పట్టు వేసి, మెల్లగా వేడి పెంచుతూ, 80 డిగ్రీలు దాటకుండా చూసుకోండి, మరిగితే పట్టు మెరుపు పోతుంది. ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు అయితే 70 లోపే ఆపాలి, అంతకు మించితే ఎరుపు కాస్తా మట్టిరంగులోకి తిరుగుతుంది. మధ్యమధ్యలో తిప్పుతూ గంట ఉంచి, స్టవ్ ఆపేసి, బట్ట ఆ నీళ్లలోనే చల్లారనివ్వండి. తీసి చూడాలని చెయ్యి దురదగానే ఉంటుంది, కానీ ముదురు రంగు ఈ చల్లారడంలోనే వస్తుంది.

బీట్‌రూట్ నీళ్లు చూడ్డానికి ఎంత ఎర్రగా ఉన్నా బట్ట మీద నిలవవు, వీడియోలు చూసి మోసపోకండి. వంటింటి పసుపైతే పటిక లేకుండానే బట్టకి పడుతుంది కానీ ఎండకి త్వరగా వెలిసిపోతుంది. పసుపురంగే కావాలంటే బంతిపూలే నయం.

నాకు బాగా ఇష్టమైంది అన్నభేది, అంటే రంగు ఛాయని మార్చే ఇనుప లవణం. పట్టు బరువులో 1 శాతం, 2 దాటకూడదు, ఇనుము ఎక్కువైతే పోగు పెళుసుబారుతుంది, పాత పోగు అసలే తట్టుకోలేదు. బంతిపూల రంగు వేసిన పట్టుని అన్నభేది కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచితే కళ్ల ముందే పసుపు మసకబారి పాచిరంగుకి మారుతుంది. ఆ మార్పు వేగంగా జరుగుతుంది, కావాల్సిన ఛాయ కంటే ఒక పిసరు ముందే తీసేసి కడిగేయండి. ఏదైనా అంచు ముక్క మీద ముందు చూసుకుంటే టెన్షన్ ఉండదు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), క్రోమియం లవణాలు మాత్రం ఇంట్లో వాడకండి, విషం. పొడులు తూచేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

నీడలో ఆరేసి, ఓ వారం ఆగి అప్పుడు షాంపూతో ఉతకండి. గిన్నెలో మిగిలిన రంగునీళ్లు పారబోయొద్దు, పటిక పట్టించిన ఇంకో గుడ్డ వేస్తే లేత ఛాయ వస్తుంది, కొన్నిసార్లు మొదటిదానికంటే ఇదే బాగుంటుంది.