ఫ్రెషర్ రెజ్యూమే ఎక్కడ ఆగిపోతోంది? సమస్యను బట్టి కారణం, పరిష్కారం

డిగ్రీ పూర్తయి నెలలు గడుస్తున్నా ఒక్క ఇంటర్వ్యూ కాల్ కూడా రాకపోతే ఎవరికైనా టెన్షన్ పట్టుకుంటుంది. ఆ టెన్షన్‌లో చాలామంది ముందు టెంప్లేట్ మారుస్తారు. రంగు మార్చి, ఫొటో తగిలించి, మళ్ళీ అన్నిచోట్లా అప్లై చేస్తారు. ఫలితం మాత్రం మారదు. ఎందుకంటే రెజ్యూమే ఆగిపోవడానికి చాలా చోట్లున్నాయి. సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగా చదవలేకపోవచ్చు. చదివిన మనిషికి మీకేం వచ్చో తెలియకపోవచ్చు. తెలిసినా ఆ ఉద్యోగానికి సరిపోదు అనిపించవచ్చు. ఇవన్నీ దాటి ఇంటర్వ్యూ దాకా వెళ్ళాక తడబడనూ వచ్చు. ఎక్కడ ఆగుతోందో తెలిస్తేనే ఏం సరిచేయాలో తెలుస్తుంది.

అందుకని ఒక షీట్ తెరిచి, ఏ ఉద్యోగానికి ఏ తేదీన ఏ ఫైలు పంపారో, ఏం జవాబొచ్చిందో రాసుకుంటూ పోండి. పాతిక ముప్పై అప్లికేషన్లు అయ్యేసరికి కింద చెప్పినవాటిలో మీది ఏ సమస్యో తెలిసిపోతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకే అర్థం కాదు.

అప్లై చేసిన నిమిషాల్లోనే రిజెక్ట్ మెయిల్ వస్తోంది

ఇంత త్వరగా వచ్చిందంటే మీ రెజ్యూమేను మనిషి చూసి ఉండడు. చాలాసార్లు అడ్డుపడేది అప్లికేషన్ ఫారంలోని ప్రశ్నలు: ఏ సంవత్సరంలో పాసయ్యారు, ఏ బ్రాంచి, వేరే ఊరికి రాగలరా, ఎన్నేళ్ళ అనుభవం ఉంది, అక్కడ పనిచేయడానికి అనుమతి ఉందా. వీటిలో కొన్నిటికి "కాదు" అంటే అప్లికేషన్ అక్కడికక్కడే ఆగిపోయేలా కంపెనీ ముందే అమర్చుకుంటుంది. రెజ్యూమేను ఎంత సరిదిద్దినా ఇక్కడ లాభం ఉండదు. ప్రకటనలో "తప్పనిసరి" అన్నవి ముందు చదవండి. రెండేళ్ళ అనుభవం తప్పనిసరి అన్నచోట సమయం పెట్టకండి. "ఉంటే మంచిది" అన్నవాటిని చూసి మాత్రం వెనకడుగు వేయొద్దు. వాటిలో సగం లేకపోయినా అప్లై చేయండి.

ఎంతమందికి పంపినా ఉలుకూ పలుకూ లేదు

ముందు ఫైలునే అనుమానించండి. దీనికి సులువైన పరీక్ష ఉంది. మీ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ కనిపించేదే దాదాపుగా ఏటీఎస్‌కు, అంటే కంపెనీలు అప్లికేషన్లు దాచుకుని వెతుక్కునే సాఫ్ట్‌వేర్‌కు, అందుతుంది. రెండు కాలమ్‌ల టెంప్లేట్ అయితే ఎడమ పక్క ఫోన్ నంబరు, కుడి పక్క కాలేజీ పేరు ఒకే వరుసలో కలిసిపోయి కనిపించవచ్చు. ఫోన్, మెయిల్ పక్కన పెట్టిన బొమ్మల స్థానంలో అర్థంలేని గుర్తులు రావచ్చు. అసలేమీ పేస్ట్ కాకపోతే మీ రెజ్యూమే అక్షరాలుగా లేదు, ఒక ఫొటోగా ఉంది. ప్రింట్ తీసి స్కాన్ చేసినా, డిజైన్ యాప్‌లో చేసి బొమ్మగా సేవ్ చేసినా ఇలాగే అవుతుంది.

పరిష్కారం: ఒకే కాలమ్, మామూలు ఫాంట్, 10 నుంచి 12 పాయింట్ల సైజు. టేబుల్స్, టెక్స్ట్ బాక్సులు తీసేయండి. పేరు, ఫోన్, మెయిల్ పేజీ హెడర్‌లో పెట్టకుండా మామూలు పేజీలోనే రాయండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు హెడర్, ఫుటర్ భాగాలను వదిలేస్తాయి. చదువు, ప్రాజెక్టులు, స్కిల్స్ లాంటి అందరికీ తెలిసిన శీర్షికలే వాడండి. "నా ప్రయాణం" లాంటి శీర్షిక పెడితే అందులో ఏముందో సాఫ్ట్‌వేర్ పోల్చుకోలేదు. ఫైలు వర్డ్‌లో అడిగితే వర్డ్, లేదంటే పీడీఎఫ్.

ఏటీఎస్ గురించి భయపెట్టే మాటలు చాలా ప్రచారంలో ఉన్నాయి. స్కోరు తక్కువైతే యంత్రమే చెత్తబుట్టలో వేసేస్తుందని, తెల్ల రంగు అక్షరాల్లో కీవర్డ్స్ దాచిపెట్టాలని చెబుతుంటారు. దాచిన అక్షరాలు నోట్‌ప్యాడ్‌లో బయటపడ్డట్టే రిక్రూటర్ స్క్రీన్ మీదా బయటపడతాయి. అప్పుడు పోయేది మీ మీద నమ్మకం. ఎక్కువ చోట్ల జరిగేది మామూలు వెతుకులాటే. రిక్రూటర్ "ఎక్సెల్" అనో "పైథాన్" అనో కొట్టి, వచ్చిన జాబితా చూస్తారు. కాబట్టి ప్రకటనలో ఏ మాట వాడారో, ఆ పని నిజంగా మీకు వస్తే, అదే మాట మీ రెజ్యూమేలోనూ ఉండాలి. పొట్టి పేరు, పూర్తి పేరు రెండూ ఉన్నవాటిని ఒక్కసారైనా రెండు రకాలుగా రాయండి.

ఫోన్ నంబరు, మెయిల్ మరోసారి చూసుకోండి. వేరే ఫోన్ నుంచి ఆ నంబరుకు కాల్ చేయండి, ఆ అడ్రసుకు ఒక మెయిల్ పంపండి. స్పామ్ ఫోల్డర్ రోజూ తెరవండి. ఒక అంకె తప్పు పడితే మిగతా పేజీ అంతా బాగున్నా వృథానే.

ఫైలు బాగానే ఉంది, చదివినవాళ్ళు మాత్రం పిలవడం లేదు

ఫ్రెషర్లలో ఎక్కువమంది సమస్య ఇదే. లాడర్స్ అనే ఉద్యోగాల వెబ్‌సైటు 2018లో రిక్రూటర్ల చూపు ఎటు కదులుతోందో పరిశీలిస్తే, మొదటిసారి చూసేటప్పుడు ఒక్కో రెజ్యూమేకు సగటున 7.4 సెకన్లే ఇస్తున్నారని తేలింది. ఇది మీరూ పరీక్షించుకోవచ్చు. మీ చదువుతో సంబంధం లేని ఒకరికి రెజ్యూమే ఇచ్చి, పది సెకన్లకు వెనక్కి తీసుకోండి. "నేను ఏ ఉద్యోగం వెతుకుతున్నాను? నేను చేసిన పని ఒకటి చెప్పండి" అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు రాకపోతే లోపం ప్రాజెక్టుల భాగంలో ఉంది.

ఎక్కువ రెజ్యూమేల్లో ప్రాజెక్టు ఇలా ఉంటుంది:

"లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. నలుగురు సభ్యుల టీమ్. జావా, మైఎస్‌క్యూఎల్ ఉపయోగించాం. లైబ్రరీ పనులు సులభతరం చేయడం దీని లక్ష్యం."

ఇందులో రాసినవాళ్ళు ఎక్కడా కనిపించరు. ఆ నలుగురిలో ఎవరు ఈ వాక్యం పెట్టుకున్నా తేడా రాదు. దీన్ని సరిచేయాలంటే మూడు ప్రశ్నలు వేసుకోండి: నా చేతులతో నేను చేసిన భాగం ఏది? అందులో ఎక్కడ ఇబ్బంది పడ్డాను? పని పూర్తయిందని ఎలా తెలుసుకున్నాను? జవాబులు దొరికాక వాక్యం ఇలా మారుతుంది:

"లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (జావా, మైఎస్‌క్యూఎల్, నలుగురి టీమ్). ఆలస్య రుసుము లెక్కించే భాగం నేను రాశాను. సెలవు రోజులను లెక్కలోంచి తీసేసే నియమం చేర్చాను. 40 టెస్ట్ కేసులు రాసి, నెల మారే తేదీల దగ్గర వస్తున్న రెండు తప్పులు కనిపెట్టి సరిచేశాను."

ఇదేమీ గొప్ప ప్రాజెక్టు కాదు. అయినా చదివినవాళ్ళకు మనిషి కనిపిస్తాడు. తేదీల లెక్కలో తప్పులు ఎక్కడ దాక్కుంటాయో తెలిసినవాడు, తన పని తానే పరీక్షించుకునేవాడు అని అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న కూడా మీకు బాగా తెలిసిన చోటు నుంచే వస్తుంది.

ఇది కోడింగ్ రాసేవాళ్ళకే అనుకోవద్దు. "కాలేజీ ఫెస్ట్‌లో ఫైనాన్స్ కమిటీ సభ్యురాలిని" అని రాసుకున్న కామర్స్ అమ్మాయికీ ఇవే ప్రశ్నలు. "ఫెస్ట్ ఖర్చుల 180 రసీదులు ఎక్సెల్‌లో ఎక్కించి, పైవట్ టేబుల్‌తో విభాగాల వారీగా విడదీసి, బడ్జెట్ దాటిన రెండు విభాగాలను కార్యక్రమానికి ముందే కమిటీకి చూపించాను" అంటే అకౌంట్స్ మేనేజర్ ఆ లైను దగ్గర ఆగి చదువుతారు.

అంకెలు లేనిచోట అంకెలు పుట్టించకండి. "పనితీరు 60 శాతం మెరుగుపరిచాను" అని రాస్తే, ఎలా కొలిచారని కచ్చితంగా అడుగుతారు. కొలవకపోతే ఏం చేశారో మామూలు మాటల్లో చెప్పండి, చాలు.

పేజీ పైభాగంలో పెట్టే "సవాళ్ళతో కూడిన సంస్థలో నా నైపుణ్యాలను వినియోగించుకుంటూ ఎదగాలని" అన్న ఆబ్జెక్టివ్ తీసేయండి. అది మీకేం కావాలో చెబుతుంది, కంపెనీకి ఏమొస్తుందో చెప్పదు. దాని స్థానంలో రెండు లైన్లు: ఏం చదివారు, ఏ పని చేయగలరు, దానికి రుజువుగా ఏం చేశారు. కష్టపడేతత్వం, టీమ్‌లో కలిసిపోయే గుణం లాంటి మాటలు ఎవరైనా రాస్తారు కాబట్టి వాటికి విలువ లేదు.

కాల్స్ వస్తున్నాయి, కానీ నాకు సంబంధం లేని ఉద్యోగాలకు

ఒకే రెజ్యూమే అన్నిటికీ పంపితే వచ్చే ఇబ్బంది ఇది. తెలిసినవన్నీ స్కిల్స్‌లో కుమ్మరిస్తే, చూసేవాళ్ళు తమకు కావలసిన ఏదో ఒక మాట పట్టుకుని ఫోన్ చేస్తారు.

1482 ప్రాంతంలో లియొనార్డో డా విన్చీ మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జాను పని అడుగుతూ రాసిన ఉత్తరం ముసాయిదా ఇప్పటికీ ఉంది. అంత పెద్ద చిత్రకారుడు అందులో ముందుగా చెప్పుకున్నవి సులువుగా మోసుకెళ్ళే వంతెనలు, ఫిరంగులు, కోటల ముట్టడి ఉపాయాలు. చిత్రలేఖనం ప్రస్తావన చివర్లో వస్తుంది. చదివేవాడికి ఏం అవసరమో చూసి వరుస పెట్టిన ఉత్తరం అది.

మీరు చేయాల్సిందీ అదే. చేసినవన్నీ వివరంగా రాసుకున్న ఒక పెద్ద ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరికీ పంపకండి. ప్రతి ఉద్యోగానికీ అందులోంచి సరిపోయేవి ఏరి ఒక పేజీ చేయండి. డేటా అనలిస్ట్ ఉద్యోగానికి వెబ్‌సైట్ ప్రాజెక్టు కిందికి జరుగుతుంది, సర్వే లెక్కల ప్రాజెక్టు పైకొస్తుంది. అలవాటయ్యాక దీనికి పెద్దగా సమయం పట్టదు.

రాయడానికి ఏమీ లేదు, సగం పేజీ ఖాళీ

జీతం వచ్చిన పనే అనుభవం అనుకోవడం వల్ల ఇలా అనిపిస్తుంది. ఇంట్లో వ్యాపారం లెక్కలు చూడటం, పిల్లలకు ట్యూషన్ చెప్పడం, స్వచ్ఛంద సేవ, క్లబ్ బాధ్యత, ల్యాబ్‌లో చేసిన పెద్ద ప్రయోగం, సెమినార్ పేపర్ అన్నీ పనే. వీటికీ పైన చెప్పిన మూడు ప్రశ్నలు వేయండి. అప్పటికీ ఖాళీగానే ఉంటే ఇప్పుడే ఒక చిన్న పని మొదలుపెట్టండి. ప్రభుత్వాలు బయటపెట్టే డేటాలోంచి ఒకటి తీసుకుని, ఒక ప్రశ్నకు జవాబు వెతికి, రెండు పేజీల రిపోర్టు రాయండి. అది పది సర్టిఫికెట్ కోర్సుల జాబితా కన్నా ఎక్కువ చెబుతుంది.

ఖాళీ నింపడానికి హాబీలు, తల్లిదండ్రుల వివరాలు, మతం, పెళ్ళయిందా లేదా వంటివి చేర్చకండి. ఉద్యోగానికి వాటితో పనిలేదు. దీనికి వ్యతిరేకంగా రెండో పేజీలోకి పోతుంటే ముందు స్కూల్ వివరాలు కుదించండి, తర్వాత ఒక్క రోజులో వచ్చిన సర్టిఫికెట్లు తీసేయండి. ఫ్రెషర్‌కు ఒక పేజీ చాలు.

ఇంటర్వ్యూలో రెజ్యూమే మీద అడిగిన ప్రశ్నలకే తడబడుతున్నాను

మీరు చేయనిది, లేదా మీరు రాయనిది అందులో ఉంది. స్కిల్స్‌లో ఉన్న ప్రతి పేరుకూ, దాన్ని ఎక్కడ వాడారు, వాడినప్పుడు ఏం ఇబ్బంది వచ్చింది అన్న రెండు ప్రశ్నలకు పైకి జవాబు చెప్పి చూడండి. చెప్పలేనిది తీసేయండి, లేదా "నేర్చుకుంటున్నాను" అని విడిగా పెట్టండి. పైథాన్ 80 శాతం అని గీతలు గీసే పద్ధతి మానేయండి. దేనిలో 80 శాతమో ఎవరూ చెప్పలేరు.

ఏఐతో రాయించుకున్నవాళ్ళకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. భాషలో తప్పులు దిద్దించుకోవడానికి అది బాగా పనికొస్తుంది. కానీ మీరు చెప్పని సంగతులు అది చక్కటి వాక్యాలుగా చేరుస్తుంది. ముందు మీ మాటల్లో మీరే రాసి, తర్వాత దిద్దించుకోండి. దిద్దాక ప్రతి వాక్యం పైకి చదవండి. మీ నోట రాని మాట కనిపిస్తే మార్చేయండి.

మార్కులు తక్కువ, మధ్యలో ఏడాది గ్యాప్

మార్కులు అడగనిచోట రాయనక్కర్లేదు. ఫారంలో అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు నింపండి. చాలా కంపెనీలు చేరే ముందో చేరాకో సర్టిఫికెట్లు సరిచూస్తాయి. అప్పుడు తేడా బయటపడితే వచ్చిన ఆఫర్ కూడా పోతుంది. గ్యాప్‌కు ఒక లైను చాలు: "2023–24: కుటుంబంలో అనారోగ్యం వల్ల విరామం, ఈ కాలంలో ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాను." పోటీ పరీక్షలకు చదివి ఉంటే అదీ రాయండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తేదీలు సాగదీసి గ్యాప్ దాచడం మాత్రం వద్దు.

లింకులు ఇచ్చాను, ఎవరూ చూసినట్టు లేదు

ఆ లింకులను బ్రౌజర్ ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. డ్రైవ్ ఫైలు పర్మిషన్ అడుగుతూ ఆగిపోవచ్చు, గిట్‌హబ్ రిపాజిటరీ ప్రైవేట్‌గా ఉండిపోయి దొరకడం లేదని చూపించవచ్చు. మీ అకౌంట్‌లో లాగిన్ అయి ఉంటారు కాబట్టి అవి మీకు మాత్రం బాగానే తెరుచుకుంటాయి. షేరింగ్‌ను "లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడొచ్చు" అన్నదానికి మార్చండి. ప్రాజెక్టు పేజీలో అది ఏం చేస్తుందో, ఎలా నడపాలో నాలుగు లైన్లు, ఒక స్క్రీన్‌షాట్ పెట్టండి. ఫైలు పేరు "ఫైనల్ న్యూ 2" అని వదిలేయకుండా మీ పేరు, ఉద్యోగం పేరు వచ్చేలా మార్చి, ఫోన్‌లో ఒకసారి తెరిచి చూసుకుని పంపండి.