మేడ మీద గదికి షింగిల్స్ కప్పు – 3వ పాఠం: చూరు దగ్గర మొదటి వరసలు

పోయిన పాఠంలో చూరు అంచుకు రేకు కొట్టి, దాని మీదుగా తారు ఫెల్ట్, అంటే తారు పట్టించిన షీటు, పరిచాం. ఇక షింగిల్స్, అంటే పైన రాళ్లపొడి అద్దిన తారు పలకలు, వేద్దాం. తాటాకు ఇల్లు నేయడం చూసినవాళ్లకు ఈ పద్ధతి తెలిసిందే. చూరు దగ్గర మొదలుపెట్టి కొప్పు దాకా పోవాలి, పై వరస కింది వరస మీద పడాలి.

బెంగళూరులో ఈ పనికి ఫిబ్రవరి, మార్చి నెలలు అనువు. ఏప్రిల్ వచ్చిందంటే సాయంత్రం పూట మామిడి జల్లులు పట్టుకుంటాయి. ఎండ ముదిరాక పైకి ఎక్కకండి. వేడికి తారు మెత్తబడి, కాలు పెట్టిన చోటల్లా పైనున్న రాళ్లపొడి రాలిపోతుంది. సేఫ్టీ బెల్టు తాడు కట్టుకోకుండా మాత్రం ఒక్క అడుగూ వేయొద్దు.

నేను చెప్పే కొలతలు 36 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉండి, కింది భాగం రెండు చీలికలతో మూడు రెక్కలుగా ఉండే షింగిల్‌కి. మీ కట్ట మీద వేరే కొలతలుంటే వాటినే పాటించండి.

మొదట అడుగు పట్టీ. షింగిల్ కింది రెక్కలు కోసేస్తే 7 అంగుళాల పట్టీ మిగులుతుంది. షింగిల్ మీదుండే జిగురు గీత చూరు వైపు ఉండేలా, అర అంగుళం బయటికి వచ్చేలా పెట్టి కొట్టండి. మొదటి పట్టీని మాత్రం 6 అంగుళాలు పొట్టి చేయండి. లేకపోతే దీని అతుకూ పై వరస అతుకూ ఒకే చోట పడి, నీళ్లు నేరుగా ఫెల్ట్ మీదికి దిగుతాయి.

చూరు అంచు నుంచి 11.5 అంగుళాల ఎత్తున సుద్ద దారం కొట్టి, మొదటి వరస పై అంచును ఆ గీతకు ఆనించండి. ఆపైన ప్రతి 5 అంగుళాలకూ ఒక గీత. రెండో వరసను 6 అంగుళాలు కోసిన షింగిల్‌తో, మూడో వరసను 12 అంగుళాలు కోసినదానితో మొదలుపెట్టండి. షింగిల్ వెనక సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, దాన్ని పీకక్కర్లేదు. కట్టలో ఒకదానికొకటి అంటుకోకుండా పెట్టింది అది.

అసలు పనితనమంతా మేకులో ఉంది. షింగిల్‌కి 4 మేకులు: రెండు చివర్లకూ అంగుళం లోపల ఒక్కోటి, మధ్యనున్న రెండు చీలికల పైన ఒక్కోటి. చీలిక కొసకు అర అంగుళం కంటే కాస్త పైన, జిగురు గీతకు కింద కొట్టాలి. అక్కడ కొడితే మేకు కింది వరస పై అంచును కూడా పట్టుకుంటుంది. మారతహళ్లిలో మా మేడ గదికి మొదటిసారి వేసినప్పుడు నేను రెండంగుళాలు పైకి కొట్టాను. మేకులు కింది వరసకు అందలేదు. జూన్ గాలికి ఒక మూల రెక్కలు లేచి, గోడ వెంట తడి దిగింది. ఆ మూలంతా పీకి మళ్లీ వేశాను.

మేకు నిటారుగా దిగాలి, తల షింగిల్‌కి సమంగా ఆగాలి. తల లోపలికి కోసుకుపోతే పక్కనే ఇంకోటి కొట్టి, ఆ కన్నానికి తారు సిమెంటు పూయండి.

మూడు వరసలు అయ్యాక ఆగి, రెండు చివర్లలోనూ చూరు నుంచి టేపుతో కొలవండి. పావు అంగుళం తేడా ఉన్నా ఇప్పుడే సర్దండి. పైపు చుట్టూ వేసే రేకు, కొప్పు పని వచ్చే పాఠంలో.